గోడమీది పరాయివాళ్ళు

రూథా గాస్కిన్స్ కుర్చీని తానే తిప్పుకుని, గోడకు వీపు పెట్టి కూర్చుంది.

"ఆ మొహాలు చూస్తూ మాట్లాడలేను బిడ్డా. పోలీసులొచ్చినా అటు తిరగలేదు. అన్నం కూడా వంటింట్లోనే తింటున్నాను."

ఆ గోడమీద ఆరు ఫొటోలున్నాయి. అందరూ తెల్లవాళ్ళే. పెద్ద చేపను తోకపట్టి ఎత్తిన ముసలాయన, పెళ్ళిబట్టల్లో బిగుసుకుపోయిన జంట, గుర్రంబొమ్మ ఎక్కిన పిల్లాడు, ఇంకా ఎవరెవరో. వాళ్ళలో ఒక్కరూ రూథాకి చుట్టం కాదు, స్నేహితులూ కాదు. వాళ్ళ పేర్లేమిటో, బతికున్నారో పోయారో కూడా ఆమెకు తెలియదు. అయినా మూడు రోజులుగా ఈ ఇల్లు తమదే అన్నట్టు గోడమీద కొలువుదీరి నవ్వుతున్నారు.

డెల్ఫీన్ మేబ్రీకి కూడా వీపు మీద చూపులు తగులుతున్నట్టే ఉంది. ఇళ్ళ హక్కుల సంఘంలో పరిశోధకురాలామె. ఇల్లు అమ్మేచోట, కొనేచోట, అద్దెకిచ్చేచోట ఒంటిరంగు చూసి ఎవరు మోసం చేశారో కూపీ లాగి కోర్టుకెక్కించడం ఆమె ఉద్యోగం. హత్యలు ఆమెకు సంబంధించినవి కావు. కానీ రూథా ఫిర్యాదు ఆమె చేతిలో ఉంది, ఆ ఫిర్యాదు చేసిన ముసలామెనే రేపు పొద్దున హత్యకేసులో లోపల వేస్తామంటున్నారు పోలీసులు.

"మొదట్నించీ చెప్పండి మిస్ రూథా."

"వాళ్ళకి చెప్పిందే మళ్ళీ నీకూ చెప్పాలా?"

"వాళ్ళకి అడిగినదానికి జవాబిచ్చారు. నాకు జరిగింది చెప్పండి."

రూథా ముక్కు చీది, రుమాలు మడతపెట్టింది. లెక్కల టీచరుగా రిటైరైన మనిషి. ఏడ్చినా వరస తప్పదు.

"ఇల్లు అమ్మేసి విల్మింగ్టన్‌లో మా చెల్లెలు ఎర్లీన్ దగ్గరికి పోదామనుకున్నాను. పోయిన నెల ఇంటికి ధర కట్టడానికి మొదటి వాల్యుయేషన్ మనిషి వచ్చాడు. తలుపు నేనే తీశాను. గోడమీద మా ఆయన ఏమస్ ఫొటో చూశాడు, మిలటరీ బట్టల్లో ఉన్నది. అక్కణ్ణించి వాడు గదులు సరిగ్గా చూడనేలేదు. వాడు కట్టిన ధర చూస్తే ఈ ఇల్లు సగం తగలబడిపోయిందేమో అనుకోవాలి. నీ దగ్గరికొచ్చి ఫిర్యాదు రాయించింది అప్పుడే గదా."

"ఆ తర్వాత?"

"చర్చిలో ఆడవాళ్ళంతా తిట్టారు. ఇన్నేళ్ళొచ్చాయి, ఆ మాత్రం తెలీదా రూథా, మన మొహాలన్నీ గోడమీంచి దింపెయ్యి, తెల్లదాన్నొకదాన్ని తలుపుదగ్గర నిలబెట్టు అన్నారు."

డెల్ఫీన్ తల ఊపింది. తమ నల్లవాళ్ళలో అది మామూలే. ఆమె చిన్నప్పుడు వాళ్ళమ్మ కూడా ఇల్లు అమ్మేముందు అమ్మమ్మ పటం తీసి డెల్ఫీన్ మంచం కింద దాచింది. ఆ రాత్రంతా కిందనుంచి అమ్మమ్మ తట్టి పిలుస్తున్నట్టే ఉండి, ఏడేళ్ళ పిల్ల కళ్ళు మూయలేదు.

"నోరా ఫెన్విక్‌ని అందుకే పిలిచారా?"

"నేను పిలవలేదు, తనే ఎగబడింది. ఒకే బళ్ళో ముప్పై ఏళ్ళు పనిచేశాం. తను సంగీతం, నేను లెక్కలు. నాటకాలంటే పిచ్చి దానికి. 'ఒక్కపూట నీ ఇంటి యజమానురాలిని నేనే, నువ్వు కంటికి కనబడకు' అంది. మరి గోడమీదికి ఫొటోలెక్కడివి అంటే, దానికి నా అన్నవాళ్ళెవరూ లేరు. ఇద్దరం చర్చివాళ్ళ పాతసామాన్ల కొట్టుకెళ్ళి, అడుగున పడున్న ఫ్రేముల పెట్టె ఒకటి పట్టుకొచ్చాం. ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళు పారేసిపోయినవి."

"ఎన్ని తగిలించారు?"

"ఏడు." ఆమె పెదాలు నవ్వబోయి ఆగిపోయాయి. "పేర్లు కూడా పెట్టాం. ఆ చేప ముసలాయన వాల్టర్ బాబాయి. అబద్ధాలకోరు, ఆ చేప కొన్నది. పెళ్ళివాళ్ళు మేబెల్, డడ్లీ. ఏడాది తిరక్కుండా విడిపోయారు. వీడియోలో ఎర్లీన్‌ని పిలిచి, 'ఇదిగోనే నా కొత్త చుట్టాలు' అని ఒక్కొక్కరినీ చూపించాం. ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం. పరాయివాళ్ళ చచ్చినవాళ్ళని ఇంట్లోకి తెచ్చుకుని వేళాకోళమాడాం బిడ్డా. ఊరుకుంటారా వాళ్ళు?"

"చచ్చినవాళ్ళు మెడ పిసకరు మిస్ రూథా. ఎవరో బతికున్నవాడే పిసికాడు."

మూడు రోజుల కిందట నోరా ఈ ఇంటి నేలమాళిగ మెట్లకింద శవమై దొరికింది. మెడమీద వేళ్ళ గుర్తులు లేకపోతే జారిపడిందనే రాసుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

"ఆ రోజు టిబెట్స్ ఎప్పుడొచ్చాడు?"

లైల్ టిబెట్స్ రెండో వాల్యుయేషన్ మనిషి. ఆ నాటకమంతా ఎవరి కోసం ఆడారో ఆ ప్రేక్షకుడు.

"పదింటికి. పదకొండున్నరకి నోరా ఫోన్ చేసింది, వెళ్ళిపోయాడని. ఒకటే నవ్వు. 'నీ ఇల్లు చూసి మురిసిపోయాడే, కానీ హిల్డా పిన్ని ఫొటో ముందు మేకు కొట్టినట్టు నిలబడిపోయాడు, ఈవిడెవరండీ అన్నాడు' అంది. కేకు ముందు కూర్చున్న ముసలావిడ ఫొటో అది. పక్కన కత్తి పట్టుకుని కేకు కోస్తూ ఒకతనుంటాడు. 'మా పిన్ని, పోయేముందు నా చెయ్యి పట్టుకుని అందరి గుట్టూ చెప్పేసి పోయింది' అని కోతలు కోసిందట నోరా. ఆ ముక్క నేను రాసిచ్చిందే. వెళ్ళేముందు వంటింట్లో నేనే నేర్పాను."

చెప్పి, రూథా రుమాల్లో మొహం దాచుకుంది. ఆ నవ్వు ఇంకా గదిలోనే ఎక్కడో ఉన్నట్టుంది.

"మీరప్పుడెక్కడున్నారు?"

"రేవు దగ్గర కారులో. నా ఇంట్లో నేను కనబడకూడదు గదా. చర్చికెళితే ఎవరైనా చూసి, ఇంటిదగ్గర లేవేం అంటారు. చీకటిపడేదాకా అక్కడే కూర్చున్నా. తిరిగొచ్చి దీపం వేసేసరికి..."

అదీ చిక్కు. తన ఇంట్లో తాను కనబడకూడదని దాక్కున్న మనిషికి సాక్షి ఎక్కణ్ణుంచి వస్తాడు?

"టిబెట్స్ వెళ్ళాక నోరా ఇక్కడెందుకుంది?"

"వీళ్ళని దింపేసి మావాళ్ళని మళ్ళీ ఎక్కించాలని. సాయంత్రం నేనొచ్చేసరికి ఏమస్ గోడమీదుండాలని పట్టుబట్టింది." రూథా ఫోన్ తీసి చూపించింది. ఒంటిగంటకు నోరా పంపిన సందేశం. *అద్దాలు తుడుద్దామంటే మీ ఇంట్లో వెనిగర్ చుక్క కూడా లేదేమే, మీ ఆయన అద్దం మీద వేలితో పేరు రాయొచ్చు. కొట్టుకెళ్ళి తెచ్చుకుంటా.* దాని తర్వాత ఇంకేమీ లేదు.

డెల్ఫీన్ లేచి గోడ దగ్గరికి వెళ్ళింది.

"మీరు తగిలించినప్పుడు వాల్టర్ బాబాయి ఎక్కడున్నాడు?"

"గడియారం పక్కన."

"ఇప్పుడు కిటికీ పక్కన ఉన్నాడు. పెళ్ళివాళ్ళు పిల్లాడి కిందికొచ్చారు. మీ ఆయన్ని ఎక్కడ దాచారు?"

"మేడమీద, నా మంచం కింద."

ఒక్క ఉదుటున మేడెక్కి, అంతే వేగంగా దిగొచ్చింది డెల్ఫీన్. మంచం కింద దుమ్ము తప్ప ఏమీ లేదు. మోకాళ్ళమీద కూర్చుని ముందుగదిలో సోఫా కిందికి చెయ్యి పెట్టింది. దుప్పటి ముల్లె తగిలింది. లాగి విప్పేసరికి పైనే ఏమస్ గాస్కిన్స్, టోపీ కింద నుంచి సూటిగా చూస్తున్నాడు. అద్దం తళతళలాడుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా పుల్లటి వాసన. గోడమీది వాల్టర్ అద్దాన్ని వేలితో గీసింది. దుమ్ము.

"మిస్ రూథా, ఈ ఫ్రేము బరువుగా ఉంది. ఒక్క మేకు మీద నిలుస్తుందా?"

"నిలవదు. రెండు కావాలి. రెండో మేకు ఆ రోజు పొద్దున నేనే పీకి వంటింటి సొరుగులో పడేశాను, ఖాళీ మేకు కనిపిస్తే బాగుండదని."

"ఒక్కసారి ఇటు తిరగండి. మీకోసమే అడుగుతున్నా."

రూథా మెల్లిగా తిరిగింది. గోడ మధ్యలో, ఫొటో లేని చోట, రెండు మేకులు పక్కపక్కన ఉన్నాయి.

"ఓరి దేవుడా," అంది. "ఏమస్‌ని ఎక్కించింది. నా నోరా ఎక్కించేసింది."

"ఎక్కించి, మళ్ళీ దించింది. మేడమీదికి మోసుకెళ్ళే తీరిక కూడా లేక సోఫా కిందికి తోసి, వీళ్ళని ఎలా వస్తే అలా తగిలించింది. ఎందుకు?"

వీధి తలుపు ఎవరూ తట్టకుండానే తెరుచుకుంది.

"అదే నేనూ అడుగుదామనుకుంటున్నా, మేబ్రీ మేడం. నా కేసులో మీరెందుకు?"

సార్జెంట్ హాలోరన్ లావాటి మనిషి. లోపలికి రాగానే గదిలో గాలి తగ్గినట్టుంటుంది. చేతిలో కాఫీ గ్లాసు, మొహం మీద ముందే తేల్చేసుకున్న తీర్పు.

"తలుపు కొట్టడం మీ డిపార్టుమెంటులో నేర్పరా సార్జెంట్?"

"మోసం జరిగిన ఇంటికి మర్యాదలేమిటి? ఈ పెద్దావిడ తెల్లామెని యజమానురాలిగా నిలబెట్టి వాల్యుయేషన్ మనిషిని బురిడీ కొట్టించింది. ఆ తెల్లామె బయటపెడతానని బెదిరించి ఉంటుంది. ఈవిడ మెడ నొక్కేసింది. రేపు తొమ్మిదింటికి వకీలుతో రమ్మని చెప్పడానికొచ్చా."

"సొంత ఇంట్లో సొంత మొగుడి ఫొటో దింపుకోవడం నేరం కాదు. ఆ ఫొటో చూసి ఇంటి ధర కోసెయ్యడం నేరం. ఆ నేరం మీద ఫిర్యాదు ఇచ్చి నెలైంది, అప్పుడు ఇన్ని కార్లు రాలేదే ఈ వీధికి?"

"అది నా సెక్షన్ కాదు."

"అవును, మా మీద పెట్టేవే మీ సెక్షన్లు."

హాలోరన్ మెడ ఎర్రబడింది. "నోరు జాగ్రత్త."

"కళ్ళు జాగ్రత్త అని నేనూ అంటాను. ఈ గోడ రెండుసార్లు చూసి వెళ్ళారు. మేకులు చూశారా?" చూపించింది. వెనిగర్ వాసన, దుమ్ము అద్దాలు, సోఫా కింద ముల్లె, అన్నీ వరసగా చెప్పింది. "మధ్యాహ్నానికి నాటకం అయిపోయింది. వేషాలు విప్పేశారు. విప్పిన వేషం మళ్ళీ హడావిడిగా కట్టాల్సిన అవసరం ఎవరి కోసం వస్తుంది? రూథా వస్తే అక్కర్లేదు. దొంగ వస్తే కట్టనియ్యడు. చర్చివాళ్ళ కోసం అంతకన్నా కాదు. ఈ ఊరు మొత్తం మీద ఈ తెల్లమొహాలు చూపించాల్సిన మనిషి ఒక్కడే. వాడు ఫోన్ చేసి, ఏదో కొలత మర్చిపోయాను, మళ్ళీ వస్తున్నానని చెప్పి ఉంటాడు."

"టిబెట్స్ ఒక్కసారే వచ్చానని రాసిచ్చాడు. పరువుగల మనిషి."

"అడుగుదామా?"

ఆమె అప్పటికే ఫోన్ కలిపి, గొంతు బయటికి వినబడేలా బల్లమీద పెట్టింది. మోగుతూ మోగుతూ ఉండగా టిబెట్స్ అందుకున్నాడు. వెనక కారు హోరు.

"ఇళ్ళ హక్కుల సంఘం నుంచండి, గాస్కిన్స్ ఇంటి సంగతి."

"పాపం, విన్నాను." మెత్తని గొంతు, నిద్ర కరువైన గొంతు. "కారులో ఉన్నానమ్మా. పొరుగూళ్ళో ఇల్లు చూడాలి."

"ఒక్క నిమిషం చాలు. గోడమీది ఫొటోల గురించి ఏమైనా..."

"గోడలు నేను చూడనమ్మా. చట్టం ఒప్పుకోదు. గదులు, కప్పు, పునాది. ఇంట్లో మనుషులెవరన్నది మాకు అనవసరం."

"మంచిమాట. ఇల్లు శుభ్రంగా ఉందా?"

"అద్దంలా ఉంది. ఆ వెనిగర్ వాసనకే తల పట్టేసింది గానీ."

హాలోరన్ చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. డెల్ఫీన్ మాటలో తేడా రానివ్వలేదు.

"మీరెన్నిసార్లు వెళ్ళారు?"

"ఒక్కసారే. పొద్దున." కారు హోరు కాసేపు. తర్వాత, తనలో తనే అనుకుంటున్నట్టు అన్నాడు. "ఆవిడకు ఏమీ తెలియదట గదా. నిజంగానే ఏమీ తెలియదట. పాపం."

"ఏం తెలియదు టిబెట్స్ గారూ?"

ఫోన్ తెగిపోయింది.

రూథా చేతిలో నోరా సందేశం ఇంకా వెలుగుతూనే ఉంది. డెల్ఫీన్ దాన్ని తీసి హాలోరన్ కళ్ళముందు పెట్టింది. "పొద్దున ఈ ఇంట్లో వెనిగర్ చుక్క లేదు. ఒంటిగంట దాటాకే వచ్చింది."

"వాసన మీద మనిషిని పట్టుకోలేం," అన్నాడు హాలోరన్. కానీ గొంతులో పాత బలం లేదు. "ముక్కూమొహం తెలియని ఆడమనిషిని వాడెందుకు చంపుతాడు?"

"ఏడో ఫొటో, ఆ హిల్డా పిన్నిది, అది చెప్పాలి ఆ సంగతి. టీవీ ఉంది, వెండి చెంచాలున్నాయి, పోయింది అదొక్కటే. ఈ మొహాలు ఎవరో పరాయివాళ్ళవని మనకి తెలుసు. వాడికి తెలియదు. వీళ్ళు నిజంగా నోరా చుట్టాలేనని నమ్మాడు. హిల్డా పిన్ని గుట్టు చెప్పేసి పోయిందంటే అదీ నమ్మాడు. మిస్ రూథా, ఆ వీడియోలో మీ చెల్లెలు ఇవన్నీ చూసింది గదా?"

"చూడ్డమేమిటి, ఫోన్లో బొమ్మలు పట్టుకుంది కూడాను, చర్చిలో చూపించి నవ్వించాలని. ఇందాక టిబెట్స్ గారితో అదే చెప్పాను."

డెల్ఫీన్ నెమ్మదిగా తిరిగింది. "ఎప్పుడు చెప్పారు?"

"ఇవాళ మధ్యాహ్నం. ఇంటిఫోనుకి చేశాడు, పరామర్శకి. ఎంతో నెమ్మదిగా మాట్లాడాడమ్మా. ఆ చుట్టాలకి కబురు పంపారా అనడిగాడు. చుట్టాలెవరు బాబూ, ఇల్లు నాది, అవి పాతకొట్టు ఫొటోలు, వాళ్ళెవరో నోరాకీ తెలియదు అని నిజం చెప్పేశాను. చాలాసేపు పలకలేదు. తర్వాత, ఇంకెక్కడైనా నకలుందా అన్నాడు. ఎర్లీన్ ఫోన్లో ఉందన్నాను. రిపోర్టు ఎక్కడికి పంపమంటారన్నాడు. నేనిక ఈ ఇంట్లో ఉండలేను గదా, అందుకని..." ఆమె మాట మధ్యలో ఆగింది. ఒక్కో ముక్కా ఇప్పుడు ఆమెకే వినబడుతోంది. "అందుకని ఎర్లీన్ అడ్రసు ఇచ్చాను."

"చెల్లెల్ని పిలవండి. వీడియోలో. ఇప్పుడే."

రూథా కంగారులో రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి తెరమీద ఎర్లీన్ వచ్చింది. తలకి గుడ్డ, మెడలో కళ్ళజోడు గొలుసు, వెనక పొయ్యిమీద గిన్నె.

"అక్కా! తిన్నావా? ఉట్టి టీ తాగి పడుకుంటే ఊరుకోను."

"ఎర్లీన్, ఆ కేకు ఫొటో పంపవే. హిల్డా పిన్నిది."

"ఇప్పుడా? ఆ దిక్కుమాలినవి చెరిపేద్దామనుకున్నా. ఉండు... ఇదిగో, వచ్చిందా?"

వచ్చింది. డెల్ఫీన్ పెద్దది చేసింది. చక్రాల కుర్చీలో ముసలావిడ, ఒళ్ళో కేకు, వెనక కిటికీలో చిలక పంజరం. కుర్చీ వెనకనుంచి వంగి, ఆమె చేతిమీద చెయ్యేసి కేకు కోయిస్తున్నవాడి మొహం స్పష్టంగా ఉంది. మెత్తని మొహం. డెల్ఫీన్ టిబెట్స్‌ని ఎన్నడూ చూడలేదు. తల తిప్పి హాలోరన్‌ని చూసింది.

సార్జెంట్ అడక్కుండానే సోఫాలో కూలబడ్డాడు. కాఫీ చొక్కా మీద ఒలికింది, తుడుచుకోలేదు.

"వాడే. టిబెట్సే," అన్నాడు. "కానీ ఈవిడ... బెర్నిస్ కోల్. ఈవిణ్ణి నేను ఎరుగుదును. చచ్చాక ఎరుగుదును. రెండేళ్ళ కిందట, నేలమాళిగ మెట్లకింద. చక్రాల కుర్చీ ఆవిడ, మెట్ల దగ్గరికి ఎందుకెళ్ళిందో నాకూ అర్థం కాలేదు. ఆ చిలక ఒకటే అరుపు. జారిపడిందని నేనే రాశాను. ఆ ఇంటికి ధర కట్టింది వీడు. ఏ కంపెనీవాళ్ళో కారుచవకగా కొట్టేశారు. ఆవిడ మీకు తెలుసా అంటే, జన్మలో చూడలేదని నా మొహమ్మీద చెప్పాడు. ఆ ఇంటి సామానంతా ఖాళీ చేయించింది కూడా వీడే."

"పాతకొట్టుకి పంపించాడు. అందులో తన మొహం కూడా ఉందని చూసుకోలేదు," అంది డెల్ఫీన్. "విల్మింగ్టన్ పోలీసుల్ని పిలవండి సార్జెంట్. ఎర్లీన్, నా మాట వినండి. నేను డెల్ఫీన్. తలుపులన్నీ గడియ వేశారా?"

"వేసే ఉంటాయమ్మా. ఏమైంది? ఎవరమ్మా ఆ లావాటాయన, ఫోన్లో ఎందుకట్లా అరుస్తున్నాడు? ఉండండి, ఎవరో బెల్లు కొడుతున్నారు."

"తియ్యకండి!"

"పక్కింటి పిల్లదై ఉంటుంది, గిన్నె తిరిగిస్తానంది..."

"ఎర్లీన్! తియ్యకే!" రూథా ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుని అరిచింది. కానీ తెరమీది మొహం అప్పటికే పక్కకి తప్పుకుంది. ఫోన్ బల్లమీద వెల్లకిలా పడింది. కప్పు కనబడింది, తెల్లగా, ఖాళీగా. పొయ్యిమీద గిన్నె కుతకుతలాడుతోంది. చెప్పుల చప్పుడు దూరమైంది. తలుపు గొలుసు జారిన చప్పుడు.

ముగ్గురూ ఒకేసారి అరిచారు. తెరమీది కప్పు కదల్లేదు.

తలుపు దగ్గరనుంచి ఒక మగగొంతు, ఎంతో మర్యాదగా వినబడింది.

"ఎర్లీన్ గారేనా అమ్మా? మీ అక్కగారి ఇంటి రిపోర్టు తెచ్చాను. లోపలికి రావచ్చా?" కాసేపాగి, చుట్టూ చూస్తున్నట్టుగా అన్నాడు. "మంచి ఇల్లు. కింద నేలమాళిగ కూడా ఉన్నట్టుందే?"